అవ్వ ఇంటి కిరాయి

రెండో ప్రపంచయుద్ధం మొదలవడానికి ముందు మాట. నన్ను కామారెడ్డి పన్నుల దఫ్తరు నుంచి ఎల్లారెడ్డికి మార్చారు. ఆ ఏడే ఇంటి పన్ను పద్ధతి కూడా మారింది. అంతవరకు గదులు లెక్కపెట్టి పన్ను వేసేవాళ్లం. షావుకారు మేడగది, పేదవాడి కోళ్లగది ఒకటే లెక్కయ్యేవి. ఇకమీదట ఇల్లు కిరాయికిస్తే ఎంత వస్తుందో చూసి పన్ను వేయమని హుకుం వచ్చింది. న్యాయమైన మార్పే. కాని ఎల్లారెడ్డిలో ఇల్లు కిరాయికిచ్చేవాళ్లెవరు?

మొదట ఒక ముసలవ్వ గూనపెంకల ఇంటికి వెళ్లాను. ఒంటరి మనిషి, చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది.

"అవ్వా, ఈ ఇల్లు కిరాయికిస్తే నెలకెంత వస్తది?"

"దీన్ని ఎవడు తీస్కుంటడు సారూ? గోడల నిండ పందికొక్కులే. ఎవడన్న పిచ్చోడు దొరికితే అర్ధరూపాయి ఇస్తడేమో."

నెల రోజులుగా ఇల్లు దొరక్క నేను బాటసారులుండే ముసాఫిర్‌ఖానాలో పడుకుంటున్నాను. కలం పక్కన పెట్టాను.

"అయితే ఆ పిచ్చోణ్ని నేనే. రేపు సామాన్లు తెచ్చుకుంట."

అవ్వ చేతిలో చింతపండు ఆగిపోయింది. "గట్లెట్ల కొడుకా! తూర్పు వాకిలి. బాయినీళ్లు చక్కెర లెక్కుంటయి. రెండ్రూపాయలకు తక్కువైతే ఇయ్య."

"మరి రెండ్రూపాయలని రాయాల్నా?"

"నీ కలం ఇరగ! రాసుడు వేరే, ఉండుడు వేరే."

ఇద్దరం నవ్వుకున్నాం. చివరికి రాతకైనా, చేతికైనా ఒక్క రూపాయే అని ఒప్పందమైంది. ముందుగదిలో నేను దిగాను.

మర్నాటికి ఈ కథ వాడంతా పాకింది. ఏ గడప తొక్కినా ముందు, "సారూ, నీకు ఇల్లు దొరికిందంట గద?" అని అడిగేవాళ్లు. దొరికిందని చెప్పాకే నిశ్చింతగా, "మా ఇంటికి నాలుగణాలు" అనేవాళ్లు. మేడ ఉన్న షావుకారు కూడా అదే మాట!

ఏం చేయాలో తోచక అవ్వ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాను.

"నా కొంపకు రూపాయైతే ఆ మేడకు నాలుగణాలా?" అని అవ్వ కొంగు బిగించింది. "నడువ్, నేనొస్త."

ఆమె ముందు ఎవరి నోరూ అబద్ధానికి లేవలేదు. షావుకారు మేడకు పదిహేను రూపాయలు చెప్పింది. గోడ కూలిన ఒక ఇంటి ముందు మాత్రం, "ఈళ్లకు రెండణాలే రాయి, కోడలు నీళ్లాడి వారం గాలె" అంది. లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అలాగే రాశాను.

నాలుగు రోజుల్లో పట్టీ పూర్తయింది. తహసీల్దారు మెచ్చుకున్నాడు. షావుకారు మాత్రం రెండు నెలలు అవ్వతో మాట్లాడలేదు.

"మంచిగైంది, చెవులకు సుకం" అంది అవ్వ.