మా ఆటలో భయానికి ఒక రూలు

దయ్యాల కథలంటే నాకు ఒళ్లు మంట. పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఎవరైనా "అక్కడేదో ఉందట" అని మొదలుపెడితే, చూసిందెవరు, ఎన్ని గంటలకు, వెలుతురెంత అని అడిగి నోరు మూయిస్తాను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నందుకు నా మీద నాకే కోపంగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

తెలంగాణ రాష్ట్రం రావడానికి మూడు నాలుగేళ్ల ముందు సంగతి. గోదావరిఖనిలో ఒక పాత డాబాలో అద్దెకుండేవాళ్లం. అమ్మానాన్నలు, అంటే మా అవ్వ, బాపు, నేను, తమ్ముడు శీను. బాపు పాతికేళ్లు బాయిలో పనిచేశాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. ఊపిరితిత్తులు పాడై ఆయన్ని అన్‌ఫిట్ చేస్తే, ఆ ఉద్యోగం శీనుకు వచ్చింది. వాడు డ్యూటీలో చేరడానికి నెల రోజుల టైముంది.

ఆ నెలంతా బందులు. నా స్కూలు మూత. శీను దోస్తు నవీన్ హైదరాబాద్ కాలేజీ నుంచి వస్తూ రెండు లావుపాటి జిరాక్స్ పుస్తకాలు తెచ్చాడు. చాప మీద కూర్చుని ఆడే ఆటలవి. పాడుబడ్డ కోటలు, శాపాలు, శవాలు లేచొచ్చే సమాధులు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తమ వీరుడు ఏం చేస్తాడో చెబుతారు. చేయగలిగాడో లేదో పాచిక తేలుస్తుంది. భూతాలను నమ్మని నేనే ఆ భూతాల కథ నడిపేదాన్ని. నవ్వకండి, నాకు కావలసింది అందులోని రూల్స్.

ఆ రెంటిలో ఏ పుస్తకం గొప్పదని మాకు రోజూ పంచాయితీ. మొదటిదాంట్లో ఇరవై ముఖాల పాచిక. ఎంత పెద్ద అంకె పడితే అంత మంచిది. వీరుడికి ప్రాణం పాయింట్లు బోలెడు, పోయినవి ఒక్క నిద్రతో తిరిగొస్తాయి. రెండోదాంట్లో లెక్క తిరగబడుతుంది. వీరుడి నేర్పు నలభై అయితే, వందలో నలభైకి మించని అంకె రావాలి. దానికి పాచికలు లేక పదులకొకటి, ఒకట్లకొకటి రెండు స్టీలు గ్లాసుల్లో చీటీలు వేసి తీసేవాళ్లం. కాలు విరిగితే విరిగినట్టే. పైగా ధైర్యానికి విడిగా ఒక అంకె. ఆ చీటీ తప్పితే వీరుడు వెనక్కి తగ్గాల్సిందే, ఆడేవాడి ఇష్టంతో పనిలేదు.

తేడా తేల్చుదామని ఒకే కోటను రెండు రూల్స్‌తోనూ ఆడించాను. మొదటిసారి శీను వీరుడు యాభై అడుగుల గోతిలో పడి, దులుపుకొని లేచి, పిశాచాన్ని నరికేశాడు. మంచం మీద పడుకుని వింటున్న బాపు ఊరుకోలేదు.

"గంత పైనుంచి పడ్డోడు లేసి నడుస్తడా? ఇదేం ఆటరా!"

రెండోసారి అదే వీరుడు సమాధి తలుపు దగ్గరే ధైర్యం చీటీ తప్పి, వెనక్కి పరుగెత్తాడు. శీను గ్లాసు విసిరికొట్టినంత పని చేశాడు.

"నా మనిషి భయపడాల్నో వద్దో నేను చెప్తగని, చీటీ చెప్పుడేందక్కా?"

"గిదే మంచి ఆట," అన్నాడు బాపు దగ్గుతూ. "భయం లేనోని పక్కన నేనైతే పనిచెయ్య."

శీను ముఖం మాడిపోయింది. వాడి సంగతి నాకు తెలుసు. లోపల గుండె దడదడలాడుతున్నా పైకి మీసం మెలేసే రకం. బాయిలో అలాంటివాడు ఎన్నాళ్లు బతుకుతాడు? నా ఫికరంతా అదే. రెండో ఆటే ఆడదామని నేను మొండికేసింది కూడా అందుకే. ఒక్కసారైనా వాడి నోటి నుంచి "భయమైతుంది" అన్న మాట వస్తుందేమోనని ఎదురుచూశాను. వస్తేగా!

వాడు డ్యూటీలో చేరే ముందు రోజు ఆదివారం. మూడు రోజులుగా ముసురు. ఆయాసం ఎక్కువైతే బాపును శుక్రవారమే దవాఖానలో చేర్పించాం. అవ్వ ఆయన దగ్గరే ఉంది. మమ్మల్ని నాలుగింటికి గానీ లోపలికి వదలరు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, అన్నం తిన్నాక నవీన్‌ను పిలిచి ఆట పెట్టుకున్నాం. గోడగడియారం నా ఎదురుగానే ఉంది. మూడు కావడానికి పది నిమిషాలు.

ఆటలో శీను వీరుడు కూలబోతున్న మండపం కింద ఉన్నాడు. ధైర్యం చీటీ తీశాడు. తప్పింది. వెనక్కి జరగమన్నాను.

"జరగ. ఏమైతే అదైతది."

"రూలురా!"

"రూలు గీలు జాన్తా నై."

అప్పుడు మోగింది. సరిగ్గా శీను నెత్తి మీద, స్లాబులో. టక్ టక్. కాస్త ఆగి, డొబ్బు.

బాయి మనుషుల పద్ధతి ఒకటి చెప్పాలి. పనికి దిగే ముందు తల మీది కప్పును కర్రతో కొట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే పైన బండ విడిచిందని, అక్కడి నుంచి జరగాలని అర్థం. కొట్టడంలో ఒక్కొక్కరిది ఒక్కో వరస. రెండు చిన్న దెబ్బలు, ఆగి ఒక పెద్ద దెబ్బ, అది బాపు వరస. ఏ ఇంట్లో అద్దెకు దిగినా గొడుగుతో అలా కొట్టి చూసేవాడు, మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

డాబా మీద కోతేదో దూకిందనుకున్నాను. నవీన్ కూడా అంతే. శీను ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. లేచి గడప దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఏమైందిరా అని అడగబోయేంతలో సిమెంటు పెచ్చు ఊడి వాడు కూర్చున్న చోట పడింది. చపాతీ పీటకు రెండింతలు ఉంటుంది, బెత్తెడు మందం. నేనూ నవీనూ కలిసి ఎత్తాల్సి వచ్చింది. కిందున్న గ్లాసు అప్పడమైపోయింది.

పెచ్చు ఊడటంలో వింతేమీ లేదు. పాత స్లాబు, తుప్పు పట్టిన చువ్వలు, మూడు రోజుల వాన. నవీన్ ఆ వానలోనే నిచ్చెన వేసుకుని డాబా ఎక్కి చూశాడు. చీలమండల దాకా నీళ్లు. కోతి లేదు, కర్ర లేదు, మనిషి లేడు.

నాలుగింటికి దవాఖానకు పోయాం. అవ్వ కంగారు పడుతుందని ఫోను కూడా చేయలేదు. మేం నోరు విప్పకముందే వరండాలో ఆమే మొదలుపెట్టింది.

"మీ బాపుకు మందుల మత్తు ఎక్కువైనట్టుంది బిడ్డా. కండ్లు మూసుకునే మంచం కడ్డీని ఒకటే కొట్టుడు. ఆపుమని నర్సమ్మ ఒర్రింది. చెయ్యి పట్టుకున్నా ఆగలే. గడియారంల మూడు కొట్టంగ ఇగ సప్పుడు లేకుంట పండుకుండు."

లోపలికి పోయాం. బాపు కళ్లు తెరిచి ఉన్నాడు. నన్ను దాటి, నా వెనకున్న శీనును చూశాడు. వాడి జుట్టులో ఇంకా సున్నం పొడి ఉంది. బాపు ఆక్సిజన్ మాస్కు పక్కకు లాక్కున్నాడు.

"పక్కకు జరిగినవా బిడ్డా?"

శీను మంచం పట్టుకుని కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా వెక్కుతూ చెప్పాడు.

"జరిగిన బాపూ. మస్తు భయమైంది."

"మంచిదాయె," అని బాపు మాస్కు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

బాపు నయమై ఇంటికొచ్చాక ఎన్నిసార్లు అడిగినా ఆయనకు ఏదీ గుర్తులేదు. "మత్తుల ఉన్నోన్ని పట్టుకొని ఏం అడుగుతవే" అని కసిరేవాడు. మందుల ప్రభావం, కన్నప్రేమ, కాకతాళీయం, అన్నీ వేసి చూశాను. ఎటు చూసినా లెక్క తేలలేదు. తేలనిదాన్ని తేలిందని పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు, మీకూ చెప్పను.

శీను ఆ సోమవారమే డ్యూటీలో చేరాడు. ఇప్పటికీ పోతున్నాడు, వస్తున్నాడు. ఆదివారం ఆ దెబ్బలు ఎవరు కొట్టారో నాకు తెలియదు. ఎవరైనా కానీ, వాళ్లకు రెండు చేతులెత్తి దండం పెడతాను.