నలుపు తెలుపులో ఎర్ర చిలకలు

1957. ప్రొద్దుటూరు బజారులో నాది చిన్న ఫోటో స్టూడియో. రంగుల ఫిల్మ్ ఇంకా మా దాకా రాలేదు. ఏ రంగైనా నా కెమెరాలో నలుపుగానో, తెలుపుగానో, నడిమి బూడిద ఛాయగానో మారాల్సిందే.

ఒక ఉదయం జమ్మలమడుగు నేతగాడు కుళ్ళాయప్ప, భార్య లక్ష్మీదేవితో కలిసి చీర మూట పట్టుకొని వచ్చాడు. ఆకుపచ్చ చీర నిండా ఎర్ర చిలకలు, వాటి రెక్కల అంచున పసుపు పోగు. ఆ చిలకలను గీసింది లక్ష్మీదేవే. హైదరాబాదులో జరగబోయే చేనేత ప్రదర్శనకు ఫోటోలు చూసి చీరలు ఎంపిక చేస్తారట.

"ఇది కుదర్లేదంటే మళ్లా తెల్ల పంచెలే నేయమంటారప్పా మా నేత సంఘమోల్లు" అన్నాడు కుళ్ళాయప్ప.

ఫోటో తీసి, కడిగి, మధ్యాహ్నానికి ప్రింటు చేతికిచ్చాను. లక్ష్మీదేవి దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"చిలకలు యాడికి పోయినాయన్నా?"

నిజమే. రెక్కల పోగు తప్ప చీరంతా ఒకటే బూడిద. ఎరుపూ ఆకుపచ్చా కంటికి ఎంత దూరమైనా, రెండింటి వెలుగూ సమానంగా ఉంటే ఫిల్మ్ వాటిని విడదీయలేదు. ఆమెకు ఆ మాటే చెప్పాను.

"మేము బూడిద నేసినామా అన్నా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు ఫిల్టర్లు బయటికి తీశాను. ఫిల్టర్ అంటే లెన్స్ ముందు తగిలించే రంగు గాజు. తన రంగు వెలుగును పోనిచ్చి, దానికి విరుద్ధమైన రంగును అడ్డుకుంటుంది. ఎర్ర ఫిల్టర్ పెట్టి తీస్తే నల్లటి చీర మీద చిలకలు తెల్లగా తేలాయి.

"బలే వచ్చినాయే!" కుళ్ళాయప్ప ఎగిరి గంతేశాడు.

లక్ష్మీదేవి మాత్రం తల అడ్డంగా ఊపింది. "పసుపు పోగు ఏదన్నా? రెక్క యాడుందో తెలీకుండా పాయె."

నాకు చురుక్కుమంది. కానీ ఆమె చెప్పింది నిజం. ఎర్ర గాజు పసుపును కూడా పోనిస్తుంది. అందుకే చిలకా, పోగూ రెండూ తెల్లబడ్డాయి. ఈసారి ఆకుపచ్చ ఫిల్టర్ తీసి ఆమె చేతికే ఇచ్చి, అందులోంచి చీరను చూడమన్నాను.

"చిలకలు నల్లబడినాయి! పోగు మెరుస్తాంది! ఇదేనన్నా, ఇదే!"

ఫిల్టర్ వెలుగును మింగేస్తుంది కాబట్టి కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి; ఆలోగా చీర కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. మంచి ఎండ కోసం మిద్దె ఎక్కితే, అక్కడ గాలి చీరను లాగేస్తోంది. మొగుడూ పెళ్లాం చెరో అంచూ బిగపట్టి, ఊపిరి కూడా తీయకుండా నిలబడ్డారు.

డార్క్‌రూమ్‌లోకి ఇద్దరినీ రమ్మన్నాను. ట్రేలోని మందునీళ్లలో తెల్ల కాగితం మీద మొదట చిలకల ఒళ్లు నల్లగా పైకి తేలాయి. తర్వాత చీర బూడిద ఛాయలో పరుచుకుంది. రెక్కల అంచున పోగు మాత్రం తెల్లగా నిలిచిపోయింది.

"వచ్చినాయి! నా చిలకలొచ్చినాయి!" లక్ష్మీదేవి కేకకు పక్క అంగడివాళ్లు పరిగెత్తుకొచ్చారు.

ఆ చీర ఎంపికైంది. ప్రదర్శన అయ్యాక కుళ్ళాయప్ప భార్యతో కలిసి జమ్మలమడుగు నుంచి పని గట్టుకొని వచ్చి, "మా వీధిలో మగ్గాలన్నీ ఇప్పుడు చిలకలే నేస్తాండాయప్పా, గీసిచ్చేది ఈమే" అని భార్యను చూపించాడు. ఆమె నవ్వు నేను మరచిపోలేదు.

అంతవరకూ ఫోటో బాగుందో లేదో తేల్చేది నేనే అనుకునేవాణ్ణి. ఆ తర్వాత ఎవరు ఏ వస్తువు తెచ్చినా, కెమెరా ముట్టుకోకముందే ఒక మాట అడగడం అలవాటు చేసుకున్నాను: "ఇందులో మీకు ఏది కనపడాల?"