పిడికెడు నూకలు

పుస్తకాలు రాసేవాళ్లకు ధైర్యం ఎక్కువని లోకం అనుకుంటుంది. త్రివేణిని చూడని లోకం అది. ఫోన్ మోగితే ఆమెకు భయం. ఆదివారం మందిరంలో ఒక చాప ఖాళీగా కనబడితే భయం. సంఘ పెద్ద గుర్వయ్య గొంతు సవరించుకుంటే మరీ భయం. రాసిన రెండు పుస్తకాలూ భయపడుతూనే రాసింది, అచ్చయ్యాక ఇంకా ఎక్కువ భయపడింది.

ఆమె పాస్టర్ జానయ్య భార్య. దేవరకొండ వైపు పిల్ల, ఇంటర్ చదివింది. పెళ్లయి జడ్చర్ల రోడ్డు నుంచి ఏడు కిలోమీటర్లు లోపలున్న ఈ పల్లెకు వచ్చి పద్నాలుగేళ్లు. పేరు పెట్టి పిలిచేది భర్త ఒక్కడే. మిగతా ఊరికంతా ఆమె 'అమ్మగారు'.

మొదటి పుస్తకం పేరు 'పాచిపోని ఆదివారం'. మహబూబ్‌నగర్‌లో అచ్చు వేయించిన నలభై ఎనిమిది పేజీల పుస్తకం, మధ్యలో రెండు పిన్నులు. ప్రతి ఆదివారం సాక్ష్యాల వేళ పందొమ్మిది మంది ఆడవాళ్లు వరసగా లేచి ఒకే మాట అప్పజెప్పేవారు: "నన్ను వారమంతా కాచి కాపాడిన దేవునికి వందనాలు." ఒకామె ఒంటి మీద దెబ్బలు కొంగుతో కప్పుకొని అదే మాట చెప్పిన రోజున త్రివేణికి ఒళ్లు మండింది. 'నిన్నటి అన్నం పెడితే ఇంటాయన కంచం తోసేస్తాడు, దేవుడు మాత్రం ఎన్నాళ్లు తింటాడు?' అని రాసింది. గుర్వయ్య రెండు ఆదివారాలు ఆమె వందనాలకు బదులివ్వలేదు.

రెండోది 'వెనక చాపల వాళ్లు'. లేచి మాట్లాడలేని వాళ్ల గురించి. వాళ్ల కోసం ఒక ఉపాయం చెప్పింది. మన సంఘాల్లో పిడికెడు బియ్యం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు దేవుడికని పక్కన తీసి, వారమంతా కూడబెట్టి ఆదివారం తెస్తారు. పాస్టరు ఇల్లు గడిచేది సగం దానితోనే. చెప్పుకోలేని బాధ ఉంటే చీటీ రాసి, రాయడం రాకపోతే పిల్లలతో రాయించి, పేరు లేకుండా ఆ బియ్యంలో పెట్టమంది. బియ్యం చెరిగేటప్పుడు తానే తీసి, ప్రార్థన చేసి, పొయ్యిలో వేస్తానంది. కింద పెద్ద అక్షరాలతో ఒక నియమం: ఎవరు రాశారో వెతకకూడదు.

మొదట్లో వచ్చిన చీటీలు నవ్వు తెప్పించేవి. 'మా అత్త నోటికి తాళమెయ్యి ప్రభువా' అని ఒకటి. మరో వారం, అదే అత్తది కాబోలు, 'మా కోడలుకు బుద్ధియ్యి' అని. తర్వాత నవ్వు రాని చీటీలు వచ్చాయి. వేరే ఊళ్ల పాస్టరమ్మలు కూడా పుస్తకం తెప్పించుకొని ఇదే మొదలుపెట్టారు. త్రివేణి మూడో పుస్తకానికి కూర్చుంది.

రేషన్‌కు సన్నబియ్యం వచ్చిన ఏడాది అది. ఒక సోమవారం పొద్దున త్రివేణి అరుగు మీద చేట పట్టుకొని కూర్చుంది. ఆదివారం తెచ్చిన సంచులన్నీ ఎప్పటిలాగే ఒకే గంపలో గుమ్మరించి ఉన్నాయి. మూడో చేటలో చీటీ దొరికింది. నోటుబుక్కు కాగితం, పెన్సిల్ రాత, చిన్నపిల్లల అక్షరాలు.

'దేవా నేను శుక్రవారం పోత. పిల్లను సూస్కో.'

చేట ఒళ్లో నుంచి జారి బియ్యమంతా నేలపాలయింది.

మన వైపు సంతకు పోయేవాడు కూడా 'పోత' అనడు. 'పోయొస్త' అంటాడు. గడప దగ్గర ఎవరైనా నోరు జారి 'పోత' అంటే ముసలమ్మలు ఉరికొచ్చి మాట మార్పిస్తారు. పోయినవాళ్లంటే తిరిగి రానివాళ్లు. ఇక్కడ పోత అన్న మాట ఒంటరిగా ఉంది, వెనక 'వస్త' లేదు. పైగా శుక్రవారానికీ, పోతకూ మధ్య కాగితం బాగా నలిగి పలచబడింది. కన్నీళ్లు పడ్డాయేమో అనుకుంది త్రివేణి.  చివరి మడత విప్పేసరికి అందులో నుంచి నాలుగు నూకలు రాలాయి.

సన్నబియ్యం కాదు, నూకలు. భూమ్మీద నూకలు చెల్లిపోవడమంటే ఏమిటో తెలిసిన మనిషి కనక ఆ నాలుగు గింజలనూ కొంగు ముడిలో కట్టుకొని భర్త దగ్గరకు పరుగెత్తింది.

జానయ్య చీటీ రెండుసార్లు చదివాడు. మంచివాడు, కానీ ఏ ఆపదకైనా ముందు కళ్లు మూసుకునే రకం.

"ప్రార్థన చేద్దాం త్రివేణీ."

"చేద్దాం. తర్వాత?"

"తర్వాతేముంది? వెతకొద్దని పుస్తకంల రాసింది నువ్వే గదా. ఇయ్యాల ఒక్కరిని వెతికినవంటే రేపు ఏ ఆడామె చీటీ పెట్టది. గా ఊర్లల్ల పెట్టెటోళ్లు గూడ ఆపుతరు."

అతను చెప్పింది అబద్ధం కాదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. వెతికితే మాట తప్పినట్టు. వెతక్కపోతే శుక్రవారం నాటికి ఒక ఇంట్లో శవం. సోమవారమంతా ఆమె రెండింటి మధ్య నలిగింది. అన్నం మాడింది, కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. వీధిలో ఎవరు గట్టిగా అరిచినా గడప దాకా పరుగెత్తింది. మందిరంలో చిన్నపిల్లలున్న ఇళ్లు పదకొండు. పదకొండు మొహాలూ కళ్ల ముందు తిరిగాయి, ప్రతి మొహమూ ఏదో దాచినట్టే అనిపించింది.

మంగళవారం చెప్పులేసుకొని బయల్దేరింది. మొదట నాగరాణి ఇంటికి. మూడేళ్ల బిడ్డ తల్లి, మొగుడు తాగుబోతు, నెల నుంచి మాట తగ్గించింది. త్రివేణి చల్లకొచ్చి ముంత దాచినట్టు వానల గురించి మాట్లాడింది, పత్తి గురించి మాట్లాడింది. కళ్లు మాత్రం ఇంటి మూలలు వెతుకుతున్నాయి.

"వంటకు ఏం బియ్యం వాడుతున్నవు నాగరాణీ?"

"రేషన్ సన్నబియ్యమే అమ్మగారు. ఎందుకు?"

"ఊరికెనే. శుక్రవారం ఎటన్న పోతున్నవా?"

నాగరాణి మొహం మారింది. "నా చీటీ చదివి వచ్చిన్రా? ఎవలు రాసిన్రో ఎతకనని చెప్తిరి గదా."

"నీ చీటీ గురించి కాదు బిడ్డా..."

"అయితే ఎవరి చీటీ గురించి?"

త్రివేణి చెప్పుల కోసం వెనక్కి తిరిగింది. నాగరాణి చంకలోని పిల్లను ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. పుస్తకంలో పెద్ద అక్షరాల నియమం అక్కడే, ఆ గుమ్మంలోనే, చచ్చింది. మరి అక్కడికి వచ్చిన పనీ కాలేదు. తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఏడుపొచ్చింది.

బుధవారం బక్కమ్మ దగ్గరకు పోయింది. మేకలు కాసే ముసలమ్మ, ఎవరి పొయ్యి మీద ఏముందో వాసన పట్టి చెప్పగలదు. త్రివేణి ఇక దాపరికం మానేసి కొంగు ముడిలోని నూకలు చూపించింది.

"ఇవి నీయేనా అవ్వా?"

బక్కమ్మ గింజల్ని కంటి దగ్గర పెట్టుకొని చూసింది. "నూకలు నేను కోళ్లకేస్త. దేవునికేస్తనా? గంత తెలివి తక్కువదాన్ననుకున్నవా?"

"మరి ఊర్ల ఇంకెవరి ఇంట్ల ఉన్నయి?"

"లక్ష్మీనర్సమ్మ మిల్లు నుంచి సంచెడు తెప్పిచ్చింది. కోళ్లకని చెప్పింది." ముసలమ్మ గింజల్ని తిరిగి త్రివేణి చేతిలో పెట్టింది. "ఆమెకు కోళ్లేడివి?"



లక్ష్మీనర్సమ్మ అంటే గుర్వయ్య భార్య. ముందు చాపలో మొదటి మనిషి. ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం అందరికంటే ముందు లేచి, అందరికంటే గట్టిగా సాక్ష్యం చెప్పే మనిషి. 'చీటీల దేవుడొచ్చిండు' అని త్రివేణి పుస్తకాన్ని వెక్కిరించింది కూడా ఆమే. కూతురు షాద్‌నగర్‌లో కంపెనీ పనికి పోతూ మూడో తరగతి చదివే బిడ్డను ఆమె దగ్గర వదిలింది.

ఆ లక్ష్మీనర్సమ్మ ఐదు ఆదివారాల నుంచి లేవలేదు. త్రివేణి అది గమనించలేదా అంటే, బాగా గమనించింది. సంతోషించింది. మూడో పుస్తకంలో ఒక అధ్యాయమే రాసింది, 'ముందు చాపలు మౌనం నేర్చుకున్నాయి' అని. అది ప్రెస్సులో ఉంది. తన పుస్తకం చదివి సంఘం మారిందని మురిసిపోయింది. ఆ మురిపెం గుర్తొచ్చి బక్కమ్మ వాకిట్లో నుంచి నేరుగా గుర్వయ్య ఇంటికి నడిచింది.

గుర్వయ్య పొలానికి పోయాడు. లక్ష్మీనర్సమ్మ వంటింట్లో పీట మీద కూర్చొని గిన్నెలోంచి పలచటి నూకల జావ చెంచాతో తాగుతోంది. ఒక్కో గుక్కకూ కళ్లు మూసుకుంటోంది. పక్క గిన్నెలో సన్నబియ్యపు అన్నం, మొగుడికీ మనుమరాలికీ. త్రివేణిని చూసి జావ గిన్నె వెనక్కి నెట్టింది.

"పెద్దమ్మా," అని త్రివేణి ఆమె ముందు కూలబడి చీటీ తీసింది. "ఇది నీదేనా?"

"వెతకొద్దని నువ్వే రాసినవు గదా." గొంతు బొంగురుగా, కంకర రోడ్డు మీద ఎద్దుల బండిలా వచ్చింది. "మా పిల్ల సదివి ఇనిపిచ్చింది. రెండు పుస్తకాలూ."

"తప్పు రాసిన పెద్దమ్మా. శుక్రవారం ఏం చేద్దామనుకున్నవు? నాకు చెప్పు. నీ కాళ్లు మొక్కుత, చెప్పు."

లక్ష్మీనర్సమ్మకు మొదట అర్థం కాలేదు. త్రివేణి ఏడుపు చూశాక అర్థమైంది. "అయ్యో, నేను గట్ల రాయమనలే!" అని మనుమరాలిని కేకేసింది. పిల్ల పలక పట్టుకొని వచ్చింది.

"దవాఖానకు పోత అని రాయమంటి గదనే. దవాఖాన ఏదే?"

పిల్ల తల దించుకుంది. "ఖా రాయస్తలేదు అవ్వా. నాలుగుసార్లు రబ్బరుతోని తుడ్సిన. కాగితం సినుగుతదని ఇడ్సిపెట్టిన."

త్రివేణి నవ్వబోయింది. మూడు రోజుల భయం ఒక్క అక్షరం దగ్గర తేలిపోయిందనుకుంది. కానీ లక్ష్మీనర్సమ్మ నవ్వలేదు. పిల్లను బయటకు పంపి, దీపం పెట్టే కిటికీ దగ్గరకు జరిగి నోరు తెరిచింది. ఎప్పుడూ తంబాకు పెట్టుకునే వైపు, నాలుక పక్కన తెల్లగా, గట్టిగా గడ్డ ఉంది. త్రివేణి చూసి వెంటనే కళ్లు తిప్పుకుంది. అప్పుడు మళ్లీ మొదలైన భయం సోమవారం నాటి దానికంటే పెద్దది. మొదటిదానికి వెతుకులాట అన్నా ఉంది.

"జడ్చర్ల డాక్టరు పట్నం పెద్ద దవాఖానకు పొమ్మన్నడు. ముక్క తీసి పరీక్ష చేస్తరంట. ఒక్కదాన్నే పోదామనుకున్న."

"గుర్వయ్య పెద్దనాయినకు చెప్పలేదా?"

"చెప్తే ఆదివారం మైకుల చెప్తడు." కొంగుతో నోరు తుడుచుకుంది. "ముప్పై ఏండ్ల సంది దేవుడు నన్ను మంచిగుంచిండని చెప్పిన నోరు అమ్మగారు ఇది. గా నోట్లెనే గడ్డ లేసిందని యాడ చెప్పుకోవాలె? వెనక చాపలోళ్లకు చీటీలు పెట్టినవు. ముందు చాపల కూసున్నోళ్లకు ఏం పెట్టినవు?"

 త్రివేణి జావ గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టి వేరే సంగతి అడిగింది. "ఇంట్ల సన్నబియ్యం ఉండంగ దేవునికి నూకలెందుకు పెట్టినవు?"

"తినేదాంట్లకెళ్లి తియ్యాలె గదా పిడికెడు. నేను తినేది గివే."

ఆ సాయంత్రమే త్రివేణి ప్రెస్సుకు ఫోన్ చేసి మౌనం అధ్యాయం తీసేయమంది. రెండో పుస్తకం మళ్లీ వేస్తే ఆ పెద్ద అక్షరాల వాక్యం మార్చాలని కూడా చెప్పింది. ఏమని మార్చాలో ప్రెస్సు అతను అడిగితే, తర్వాత చెప్తానంది. నాగరాణి ఇంటికి మళ్లీ పోయి తప్పొప్పుకుంది, ఎవరి పేరూ చెప్పకుండా. నాగరాణి మంచినీళ్లిచ్చింది కానీ కూర్చోమనలేదు. ఇక ఆమె చీటీ రాస్తుందో లేదో త్రివేణికి తెలియదు.

గుర్వయ్యకు లక్ష్మీనర్సమ్మే చెప్పింది, గురువారం. అతను మైకు దగ్గరకు పోలేదు. శుక్రవారం తెల్లారేసరికి బట్టల సంచి, జావ సీసా సర్దుకొని అరుగు మీద సిద్ధంగా కూర్చున్నాడు. ఎప్పుడూ గొంతు సవరించుకునే మనిషి ఆ రోజు ఒక్కసారి కూడా సవరించుకోలేదు. త్రివేణి కూడా పట్నం బయల్దేరింది.  ఆటో వాకిట్లో ఆగింది.

మనుమరాలు గడప పట్టుకొని నిలబడింది. లక్ష్మీనర్సమ్మ ఆ పిల్ల తల నిమిరి, "పోత బిడ్డా," అంది.

ఆటో ఎక్కబోతున్న త్రివేణి కాలు వెనక్కి తీసుకుంది. గుర్వయ్య సంచి కింద పెట్టేశాడు. ఇద్దరూ ఆమె మొహమే చూస్తూ నిలబడ్డారు. డ్రైవరు హారన్ కొట్టినా ఎవరూ కదల్లేదు.

"అట్లనొద్దు పెద్దమ్మా," అంది త్రివేణి. "సక్కగ చెప్పు. నువ్వు చెప్పేదాంక నేను బండెక్కను."

లక్ష్మీనర్సమ్మ ఒకసారి గుటక వేసింది. నొప్పికి కళ్లు మూసుకుంది. ముప్పై ఏళ్లు మందిరమంతా మోగిన గొంతులో నుంచి, పక్కనున్న వాళ్లకు మాత్రమే వినబడేంత మాట వచ్చింది.

"పోయొస్త."