ఓవెన్ వెలిగించొద్దన్న అమ్మాయి

గెలిచారో ఓడారో నాకు గుర్తులేదురా చిన్నూ. మీ కీర్తక్క రగ్బీ ఆడుతుంటే గ్రౌండ్ పక్కన కుర్చీలో కూర్చున్నాను గానీ, నా మనసు అక్కడ లేదు. ఎందుకో చెప్తాను, చెల్లిని కూడా పిలువు.

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. ముప్పై ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేశాను. మార్చురీ పక్క గదిలో కూర్చుని అన్నం తిన్నదాన్ని.

ఆ మ్యాచ్ కెనడాలో, విక్టోరియా పక్కన. మీ పెద్దత్త రెండ్రోజులకి ఓ బేస్‌మెంట్ బుక్ చేసింది. సముద్రం ఎదురుగా అద్దాల మేడలు, దువ్వినట్టున్న గడ్డి. ఇంటావిడ రాజేశ్వరి మన తెలుగావిడే. పైన వాళ్లు, కింద మేము. కింద ఇదివరకెవరూ ఉండలేదు, మీరే మొదటి గెస్టులు ఆంటీ, అని నవ్వుతూ తాళాలిచ్చింది.

మర్నాడు మ్యాచ్ అనగా మధ్యాహ్నం అత్తా కీర్తీ ప్రాక్టీస్‌కి వెళ్లారు. పిజ్జా తెస్తాం, నాలుగింటికి ఓవెన్ ఆన్ చేసి ఉంచమన్నారు. నాలుగయింది. ఎండ కిటికీలోంచి నేల మీద పడుతోంది. నాబ్ మీద చెయ్యి వేశాను.

"అమ్మమ్మగారూ, వెలిగించకండి. హారిక ఫైలు లోపలుంది."

వెనక్కి చూశాను. పొడుగుపిల్ల. నైటీ మీద చున్నీ, తలకి తడి తువ్వాలు. గడ్డం కింద కుట్లేసిన గాటు. నర్సుని కదా, నాలుగు కుట్లని చూడగానే తెలిసింది. రాజేశ్వరి కూతురేమో అనుకుని ఓవెన్ తలుపు తీశాను.

మనవాళ్ల సంగతి తెలుసుగా, ఓవెన్ వాడరు, గిన్నెలు దాస్తారు. రెండు మూకుళ్లు, పెనం. వాటి కింద ప్లాస్టిక్ ఫైలు. డిగ్రీ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు. ఇదిగో అమ్మా, అని తిరిగితే ఎవరూ లేరు. వీధి తలుపుకి లోపల గొలుసు వేసింది వేసినట్టే ఉంది. పైకి వెళ్లే మెట్ల తలుపు గడియా నావైపే వేసుంది.

ఫైలు పట్టుకుని బయటినుంచి చుట్టూ తిరిగి పైకెళ్లాను. రాజేశ్వరి తడబడలేదు కూడా. "ఓ, ఆ స్టూడెంటా? ఫైలు ఫైలని రోజూ మెసేజ్‌లు. వెతకడానికి నాకు టైమెక్కడిదాంటీ?"

విషయం ఏంటంటే, మ్యాచ్‌కి గెస్టులు వస్తున్నారని ఆ హారికని ఒక్క సాయంత్రంలో ఖాళీ చేయించింది. ఆమె డ్యూటీలో ఉండగా సామాను నల్ల సంచుల్లో కుక్కి వానలో బయట పెట్టింది. ఆ గెస్టులం మేమేరా. ఆ ఏడు ఎక్కడ చూసినా మన పిల్లలే దిగారు, గదులు దొరక్క అల్లాడిపోయారు. ఒకళ్లు పోతే పదిమంది లైన్లో ఉంటారాంటీ, అంది. నాతో కూరగాయల బేరం మాట్లాడినట్టు మాట్లాడింది.

ఫైలు అందుకోబోయింది. నేను గొంతు పెంచే మనిషిని కాదు, మీకు తెలుసు. అప్పుడూ పెంచలేదు. "చెయ్యి తియ్యమ్మా" అన్నాను. తీసింది. ఫైలు చంకలో పెట్టుకుని కిందికొచ్చేశాను.

ఫైల్లో రెజ్యూమే మీద నంబరుంది. కీర్తి వచ్చి ఫోన్ చేసింది. హారిక రెండు బస్సులు మారి వచ్చింది. పొట్టిపిల్ల, చామనఛాయ. పాస్‌పోర్టు లేక స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేయలేదట. గడువు ఇంకో మూడ్రోజులే. చదువు వదిలేసి ఇంటికి పోవడమే అనుకుందట. ఫైలు గుండెకి హత్తుకుని మెట్ల మీదే కూర్చుండిపోయింది. నా చేత్తో అన్నం కలిపి పెట్టాను.

నీ ఫ్రెండ్ చెప్పబట్టి దొరికిందమ్మా అని, గాటు సంగతితో సహా చెప్పాను. హారిక ముద్ద మింగడం ఆపేసింది. "ఇక్కడ నేనొక్కదాన్నే ఉండేదాన్ని అమ్మమ్మగారూ. ఫైలు అక్కడ పెట్టానని ఎవరికీ చెప్పలేదు."

కలగన్నావే అంది మీ అత్త. కలగంటే ఫైలెలా దొరుకుతుంది? ఇన్నేళ్లయినా నాకు అంతు చిక్కలేదు.

ఆ రాత్రి నాకు నిద్రలేదు. పొద్దున్నే తాళాలివ్వడానికి వెళ్లి రాజేశ్వరిని అడిగాను. హారిక కంటే ముందు కింద ఎవరుండేవారమ్మా, పొడుగ్గా, గడ్డం కింద నాలుగు కుట్లు, అని. ఫైలప్పుడు తొణకని మనిషి, ఒక్కసారిగా తెల్లగా పాలిపోయింది. తాళాలు కూడా తీసుకోకుండా నా మొహం మీదే తలుపేసింది.

తలుపు ఇవతల నిలబడి మళ్లీ అడిగాను. లోపల గుమ్మం దగ్గరే ఉంది, ఊపిరి వినిపిస్తోంది.

"ఆ పిల్ల ఏమైంది, రాజేశ్వరీ?"