రుబీడియం పెట్టెకు ముఖమల్ తొడుగు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఏప్రిల్ ఎండల్లో, నన్ను తెనాలి డివిజనుకు ఫ్రీక్వెన్సీ ఇంజనీరుగా వేశారు. బాపట్ల, రేపల్లె ప్రసార కేంద్రాల్లోని రెండు రుబీడియం పెట్టెలు నా బాధ్యత. కేంద్రంలో యంత్రాలన్నీ ఆ పెట్టె ఇచ్చే లయకే నడుస్తాయి. లోపల రుబీడియం ఆవిరి దీపం, దాని ఎదుట అదే ఆవిరి నింపిన గాజు బుడ్డి ఉంటాయి. పంపిన మైక్రోతరంగం పరమాణువుకు సరిగ్గా నప్పితే బుడ్డిలోంచి వచ్చే వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను పట్టుకుని వదలకపోవడమే పెట్టె ఉద్యోగం. వేడి హద్దు దాటితే మాత్రం పట్టు తప్పుతుంది.

బాపట్ల పెట్టె బుద్ధిగా ఉండేది. రేపల్లెది కుదురులేనిదని అక్కడి టెక్నీషియను సువార్తమ్మ రాసే రిజిస్టరు చెప్పేది. ఆమె రోజూ పెట్టెను ఉపగ్రహ సమయంతో పోల్చి తేడా రాసేది. నేను ఫోను చేసి వెళ్లిన మూడుసార్లూ ఆ తేడా లేనే లేదు. చివరికి రెండు పెట్టెలనూ అటుదిటు, ఇటుదటు మార్చాను. బాపట్ల నుంచి వచ్చిన బుద్ధిమంతురాలు రేపల్లె రిజిస్టరులో గంతులు మొదలుపెట్టింది. రేపల్లెది బాపట్లలో కుదురుగా కూర్చుంది.

ఇక తప్పు పెట్టెది కాదు, రాసే చేతిదని తేల్చేశాను. నాకు తొందర ఎక్కువ. దాన్ని అనుభవం అనుకునేవాణ్ణి. సరిగ్గా అప్పుడే సువార్తమ్మ ప్రమోషను ఫైలు నా అభిప్రాయం కోసం వచ్చింది. ‘చూడకుండానే అంకెలు వేస్తారు’ అని పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను. దానిమీద సిరా పడితే ఆమె ప్రమోషను అక్కడితో ఆగిపోయేది.

నాలుగోసారి వెళ్లినా పెట్టె నిక్షేపంగా ఉంది. రైల్వేస్టేషనుకు చేరాక కళ్లజోడు మరిచానని తెలిసి వెనక్కి వెళ్లాను. పెట్టె కనిపించలేదు. దాని చోట లేసు అంచు కుట్టిన మెరూన్ రంగు ముఖమల్ తొడుగు ఉంది.

“ఇదేంటమ్మా?” అన్నాను.

“కవరండి. ఉప్పుగాలి తగలకుండా కుట్టాను. లోపల దుప్పటి గుడ్డ కూడా వేశానండి.”

“మరి నేనొచ్చినప్పుడు ఉండదేం?”

“మీరొచ్చేది పెట్టె చూడ్డానికేగదండి. కప్పి ఉంచితే ఏం బాగుంటది సార్? మీ ఫోను రాగానే తీసేసి, తుడిచి పెడతానండి.”

తొడుగు కింద చెయ్యి పెడితే చురుక్కుమంది. వేడి బయటికి పోయే దారి లేక, దీపం వేడిని నిలకడగా ఉంచే సర్క్యూటు చేతులెత్తేస్తోంది. తొడుగుతో గంట, తీసేసి గంట కూర్చుని చూశాను. తొడుగుతో అంకెలు జారాయి, తీస్తే నెమ్మదిగా దారికొచ్చాయి. ఈలోగా నా రైలు వెళ్లిపోయింది.

సువార్తమ్మ ముఖం చిన్నబోయింది. “అయితే తప్పు నాదేనాండి?” అంది. తొడుగు మడతపెడుతూ, “రాసినవి మాత్రం నిజమేగదండి?” అంది. నిజమేనని ఒప్పుకున్నాను. చాలా సిగ్గేసింది. అయినా పెన్సిలు సంగతి చెప్పే ధైర్యం చాలలేదు.

తెనాలి చేరగానే ఆ వాక్యం చెరిపేసి, ‘తమకు ఇబ్బంది తెచ్చే అంకెనైనా ఉన్నదున్నట్టు రాస్తారు’ అని సిరాతో రాశాను. ప్రమోషను వచ్చింది.

నాలుగుసార్లూ నేను కొలిచింది, అధికారి వస్తున్నాడని తెలిసిన గదిని. సువార్తమ్మ కొలిచింది రోజూ ఉండే గదిని. ఆ తరువాత ఏ కేంద్రానికీ ముందుగా ఫోను చేసి వెళ్లలేదు. కొన్నిచోట్ల కూర్చోడానికి కుర్చీ కూడా ఉండేది కాదు; అంకెలు మాత్రం అసలైనవి దొరికేవి.