రెండుసార్లు పడిన అక్షరం: ఖరగ్‌పూర్ నుంచి కలకత్తాకు ఒక రోజు

ఆ శుక్రవారం ఉదయం కూడా మామూలుగానే మొదలైంది. నాలుగున్నరకు లేచి బొగ్గుల పొయ్యి వాకిట్లో పెట్టి రాజేశాను. పొగ తగ్గేలోగా స్నానం, తర్వాత దేవుడి గూడు శుభ్రం చేయడం. నాన్నగారు వదిలివెళ్ళిన విక్టోరియా రాణి రూపాయలు అందులో ఉంటాయి. ప్రతి శుక్రవారం వాటిని చింతపండుతో, బూడిదతో తోమి పసుపు కుంకుమ పెట్టడం నా పని. మూడు ఉండేవి, ఆ రోజుకి రెండే మిగిలాయి. మరదలు పార్వతి వైద్యం కోసం ఒకటి తమ్ముడు సింహాచలం ఖరిదా బజారులో పాత నాణేలు కొనే శెట్టిగారికి అమ్మేశాడు. రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగింది. న్యూ సెటిల్‌మెంట్ రోడ్డంతా సైకిళ్ళు. తమ్ముడూ వాటిలో కలిసిపోయాడు. ఎనిమిది గంటలకు శెట్టిగారు మా క్వార్టరు గుమ్మంలో నిలబడ్డారు.

"ఏవమ్మా, మీ తమ్ముడు వర్క్‌షాపులో రైలు చక్రాలు చేస్తున్నాడా, రూపాయలు చేస్తున్నాడా?"

తమ్ముడు అమ్మిన నాణెం మీద, సంవత్సరం అంకెల కింద ఆవగింజంత 'బి' అక్షరం ఉంది. అది బొంబాయి టంకసాల గుర్తు. దాని పక్కనే నీడలా ఇంకో 'బి'. అలా జంటగా పడినవాటిని వెతికి కొనేవాళ్ళున్నారని శెట్టిగారు మంచి ధర ఇచ్చారు. ఇప్పుడు భూతద్దంలో చూస్తే ఎవరో అక్షరం ఉన్న ఉక్కు పంచ్‌ను సుత్తితో కొట్టినట్టుందట. తమ్ముడు టూల్ రూమ్‌లో పనిముట్ల మీద అక్షరాలు, నంబర్లు కొట్టే మనిషి. "కలకత్తా బడాబజారులో, నాణెం అసలో కాదో చెప్పగల ముసలాయన ఉన్నాడు. సోమవారం లోగా ఆయన చేత కాగితం రాయించుకురండి. లేదంటే వర్క్‌షాపుకి అర్జీ పెడతాను. మీ ముఖం చూసి ఇస్తున్న గడువిది" అని నాణెం నా చేతిలో పెట్టి వెళ్ళారు. అర్జీ వెళితే ఉద్యోగం పోతుంది. దానితో క్వార్టరూ పోతుంది. జైలు మాట నేను నోటితో అనలేదు.

మధ్యాహ్నం తమ్ముణ్ణి దేవుడి ముందు నిలబెట్టి, ఆ నీడ అక్షరం నువ్వు కొట్టిందేనా అని అడిగాను. "ఆ నీడ నాన్న కాలం నుంచీ ఉన్నాదప్పా. నానెట్టినానా ఏటి?" అన్నాడు. నమ్మాను.

శనివారం తెల్లవారకముందే బయలుదేరాను. స్టేషన్‌కు రిక్షా ఎనిమిది అణాలు. "ఏటమ్మా, కాళీమాయి దర్శనానికా?" అన్నాడు రిక్షా తొక్కే ముసలయ్య. "కాదు బాబూ, పనుంది." "పనున్నోలికే కదమ్మా దర్శనం కావాల!" అని నవ్వాడు. రైల్వే పాసు అడిగితే ఎందుకని అడుగుతారు, అందుకే మూడో తరగతి టికెట్టు కొన్నాను. మూడు రూపాయల లోపే. హౌరాకు మూడు గంటలు పట్టింది. దారిలో మరమరాల పొట్లం కొన్నాను గాని విప్పలేదు. స్టేషన్ బయట ట్రాము ఎక్కితే వంతెన దాటించి బడాబజారు దగ్గర దింపుతుంది, పది పైసలు. అక్కడి నుంచి నడకే. సందులు ఇరుకు, మూటలు మోసేవాళ్ళకు దారి ఇస్తూ వెళ్ళాలి.

ముసలాయన నాణేల అచ్చులు చెక్కే పనిలో జీవితమంతా గడిపిన బెంగాలీ. మేడ మీద కిటికీ పక్కన కూర్చుని, పదకొండు నుంచి రెండు వరకే చూస్తారు. వెలుగు అప్పుడే బాగుంటుందట. నాణేన్ని అంచులతో పట్టుకుని చాలాసేపు తిప్పారు.

"టంకసాలలో ఈ అక్షరాన్ని నాణెం మీద కొట్టరు దీదీ, అచ్చు మీద కొడతారు. సరిగ్గా పడకపోతే మళ్ళీ కొడతారు. అచ్చులో గుంటగా పడినది నాణెం మీద ఉబ్బుగా వస్తుంది. ఒక దెబ్బయినా, రెండయినా ఉబ్బే. చూడండి."

భూతద్దంలో నీడ అక్షరం ఉబ్బుగానే ఉంది. అంటే అది టంకసాలదే, మనసులోనే గోవిందుడికి దణ్ణం పెట్టుకున్నాను. అప్పుడాయన నాణేన్ని కొంచెం వాల్చారు.

"ఇది మాత్రం గుంట."

నీడకు ముందున్న మొదటి 'బి' గీతల్లో సన్నటి లోతు కనిపించింది. అంచుల్లో వెండి పక్కకు తోసుకుని గట్టు కట్టింది. నీడ అసలుదే. దాని ముందున్న అక్షరం మీద మాత్రం ఎవరో తర్వాత, నాణేనికే ఒక దెబ్బ వేశారు.

"దీన్ని తోమేదెవరు?" అన్నారు.

"నేనే. ముప్పై ఏళ్ళుగా."

"మీ భక్తికి అక్షరం అరిగిపోయింది దీదీ." కలం తీశారు. "జంట అక్షరం అసలైనదే అని రాసి ఆపేస్తాను. అబద్ధం కాదు. మీ పని జరుగుతుంది."

కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కింద సందులో కూలీలు అరుస్తున్నారు.

"రెండూ రాయండి దాదా."

"బాగా ఆలోచించారా?"

"రాయండి."

రెండూ రాశారు. డబ్బు తీసుకోలేదు.

మధ్యాహ్నం బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. వరిచేలు, నీళ్ళు, మళ్ళీ వరిచేలు. ముప్పై ఏళ్ళు కళ్ళకద్దుకున్న వస్తువును నేను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది. నా తోముడూ, ఆ దెబ్బా రెండూ ఒక్క అక్షరం మీదే పడ్డాయి. దెబ్బ ఎవరిదో నాకు తెలిసిపోయింది. ఇంటికి చేరే లోపు కోపం పోవాలని జపం చేసుకున్నాను. పూర్తిగా పోలేదు. మీరెవరైనా పాత నాణెం పట్టుకుని ఈ దారిన వెళితే, దాన్ని తోమకండి, తుడవకండి. ఉన్నదున్నట్టు నూలుగుడ్డలో చుట్టి తీసుకెళ్ళండి.

ఇల్లు చేరేసరికి ఆరు. తమ్ముడు కాగితం చదువుకుని మంచం అంచున కూలబడ్డాడు.

"అచ్చరం మాసిపోనాదని, శెట్టికిచ్చే ముందు సన్న పంచ్‌తో ఒక్క దెబ్బేసినానప్పా. పనిముట్టు మీద నంబరు మాసిపోతే మళ్ళీ కొట్టీడమే కదా మా పని? మోసమని తోసలేదు."

"మరి దేవుడి ముందు?"

"నువ్వు నీడ గురించే కదా అడిగినావు."

పార్వతి గోడకు ఆనుకుని నిలబడింది. "ఆ ఒక్కటీ రాయించుకొచ్చీసుంటే సరిపోయీది కదొదినా. ఇప్పుడీ పిల్లల్నట్టుకుని ఎక్కడికెల్తాం?"

దానికి తమ్ముడే అన్నాడు, కాగితం తనే శెట్టిగారికి ఇస్తానని. సోమవారం సైరన్‌కు ముందే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి, టూల్ రూమ్ పంచ్ వాడింది తనేనని తనే చెప్తానన్నాడు. రెండు చోట్లకీ నేను వెంట వస్తానన్నాను. క్వార్టరు ఖాళీ చేయమంటే వదినా మరదళ్ళం పిల్లలతో పలాస వెళ్ళాలి, తమ్ముడు ఇక్కడే ఏదో పని చూసుకోవాలి. ఇవన్నీ అనుకున్నాక పార్వతి పోస్టుకార్డు తీసి, పలాసలో ఉన్న తన అన్నకు రాయడానికి కూర్చుంది.