ఓటీ గుమ్మం దగ్గర తాయెత్తు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం. తెనాలిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఓటీ సిస్టర్‌గా పనిచేస్తున్నాను. ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్. కోసేది డాక్టరే అయినా, మనిషిని గుమ్మం దాటించి బల్ల మీదికి చేర్చేది మేమే. ఆ పని నాకు కష్టమనిపించిన రోజులు తక్కువ. లిఖిత మాత్రం చుక్కలు చూపించింది.

లిఖితది రేపల్లె. తొమ్మిదో తరగతి. తండ్రికి అక్కడ బట్టల కొట్టు. కడుపునొప్పి ఎవరికీ చెప్పకుండా దాచుకుని, అనుమానం రాకూడదని పొద్దున ఇడ్లీలు కూడా తినేసిందట. చివరికి బడిలో మెలికలు తిరిగిపోతే కారులో తీసుకొచ్చారు. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందనీ, పగిలితే చీము కడుపంతా పాకి ప్రాణం మీదికొస్తుందనీ సర్జన్ గారు చెప్పారు. తిని ఉంది కాబట్టి పూర్తి మత్తు ఇస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకని వెన్నులో సూది వేసి నడుము కింద మొద్దుబార్చే స్పైనల్ ఇద్దామనుకున్నారు. దానికి మనిషి వీపు వంచి కదలకుండా కూర్చోవాలి.

స్ట్రెచర్ ఓటీ గుమ్మం దగ్గరికి రాగానే ఆ పిల్ల రెండు చేతులతో తలుపు పట్టుకుంది. జబ్బకు నల్లదారంతో కట్టిన రాగి తాయెత్తు. లోపల కాటరీ అనే కరెంటు పరికరంతో రక్తనాళాలు మూస్తాం. ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలొచ్చు. తియ్యక తప్పదని చెప్పాను.

"అది తీస్తే నేను లోపలికి రానండి," అంది.

"ఎందుకు కట్టారమ్మా?" అని తల్లిని అడిగాను.

"వారం వారం టీవీలో దెయ్యాల ప్రోగ్రాం వస్తుందండి. పాడుబడ్డ ఇళ్లల్లోకి కెమెరాలు పట్టుకెళ్తారు. అది చూసి ఇది నిద్రలో ఉలిక్కిపడుతుంటే మా అత్తగారు బాపట్ల నుంచి తెచ్చి కట్టారు."

ఒళ్లు మండింది నాకు. పిల్ల జడుసుకుంటుంటే టీవీ ఆపకుండా తాయెత్తు కట్టడమేంటి? పైగా తాయెత్తు ఉంది కదా అని మళ్లీ వారం పక్కన కూర్చోబెట్టుకుని చూశారట.

"దెయ్యం సినిమాలైతే మేం చూడనివ్వమండి," అన్నాడు తండ్రి. "ఇది ఉన్నదున్నట్టు తీసింది కదా. నిజం చూస్తే తప్పేంటండి?"

లిఖిత నా చెయ్యి లాగి గొంతు తగ్గించి చెప్పింది. "సినిమా అయితే అబద్ధం అనుకునేదాన్ని ఆంటీ. ఒక వారం పాత హాస్పిటల్‌కి వెళ్లారు. ఇలాంటి గదే. ఇలాంటి బల్లే. చీకట్లో మిషన్ దానంతటదే బీప్ బీప్‌మంది. బల్ల మీద పోయినవాళ్లు అక్కడే ఉంటారన్నారు."

మత్తు డాక్టరు గారు గడియారం వంక చూశారు. "పట్టుకుని కూర్చోబెడదామా సిస్టర్?"

సూది వెన్నులో ఉండగా ఆ పిల్ల ఒక్కసారి గింజుకుంటే నరానికి తగలొచ్చని ఆయనకీ తెలుసు. వేరే దారి లేక అడిగారు. "కొంచెం ఆగండి సార్, నేను మాట్లాడతాను," అన్నాను.

లోపల లైట్లన్నీ వేయించాను. మామూలుగా రోగి బల్ల ఎక్కాకే మానిటర్ తగిలిస్తాం. ఆ రోజు దాన్ని గుమ్మం దాకా తోయించి, గుండె కొట్టుకోవడం చెప్పే పల్స్ ఆక్సీమీటర్ క్లిప్పు ముందు నా వేలికే పెట్టుకున్నాను. బీప్ బీప్‌మంది. లిఖిత కళ్లు గట్టిగా మూసుకుంది.

"కళ్లు తెరిచి చూడు తల్లీ. ఇది నా గుండె. నాక్కూడా కంగారుగానే ఉంది, ఎంత గబగబా కొట్టుకుంటుందో విను."

"ఆ చప్పుడు మీదా ఆంటీ?"

"నాదే. ఇప్పుడు నీది విందాం." క్లిప్పు తన వేలికి మార్చాను. చప్పుడు ఇంకా జోరుగా వచ్చింది. "ఈ గదిలో ఇది వినిపిస్తుందంటే లోపలున్న మనిషి బతికున్నట్టు. అది ఆగకుండా చూడ్డానికే మేమందరం ఉన్నాం."

తన చప్పుడు తనే కాసేపు వింది. నొప్పికి మూలిగింది. తర్వాత తాయెత్తు ముడి విప్పబోయింది కానీ అది బిగుసుకుపోయి రాలేదు. "మీరే తియ్యండి ఆంటీ. కింద పెట్టకుండా అమ్మ చేతికివ్వండి," అంది. అలాగే చేశాను. లోపల నా భుజానికి తల ఆనించి, సూది దిగి బయటికొచ్చేదాకా ఆ పిల్ల కదల్లేదు. అపెండిక్స్ పగలకముందే తీసేశారు. చేతులు కడుక్కుంటుంటే నాకు ఏడుపొచ్చేసింది.

ఇంటికి పంపించే రోజు తండ్రి నా దగ్గరికొచ్చాడు. "ఇక ఆ ప్రోగ్రాం ఇంట్లో పెట్టనండి," అన్నాడు. బుద్ధొచ్చిందిలే అనుకున్నాను.

మంచం మీదున్న లిఖిత తలొంచుకుని అంది. "ఆ ప్రోగ్రాం ఒక్కటే కాదు నాన్నా. నాకు భయమేస్తుందని అన్నప్పుడల్లా నువ్వు నవ్వేవాడివి. హాస్పిటలంటే భయమని చెప్తే మళ్లీ నవ్వుతావని నొప్పి చెప్పలేదు."

ఆయన అక్కడే కుర్చీలో కూలబడిపోయాడు.

ఆ వయసు పిల్లలకి అలాంటి కార్యక్రమాలు తగవనే చెప్తాను, ఎవరడిగినా. నిజమని ముద్ర వేసి చూపించే భయం సినిమా భయంకన్నా లోతుగా దిగుతుంది. కానీ లిఖిత ప్రాణం మీదికి తెచ్చింది ఆ భయం ఒక్కటే కాదు, దాన్ని చెప్పుకోలేకపోవడం కూడా. అందుకే ఇప్పుడు ఏ పిల్లనైనా, పిల్లాడినైనా గుమ్మం దాటించేముందు, "ఇక్కడ నీకు దేన్ని చూస్తే భయం?" అని అడుగుతాను. ఏం చెప్పినా నవ్వను.